నీటిమీది స్కీ పందెము

చెరువు గట్టున నిలిచి పలుచని పెంకుముక్కను నీటిమీదికి ఏటవాలుగా విసరినచో, అది వెంటనే మునుగక నాలుగైదు గంతులు వేసి, వేగము తగ్గిన పిమ్మటనే అడుగునకు పోవును. ఈ ఆట ఆడని పల్లెటూరి బాలుడు అరుదు. పెంకు నీటికంటె బరువైనదే. ఐనను అది వేగముగా పోవునపుడు, దాని క్రిందినుండి తొలగిపోవుటకు నీటికి వ్యవధి చాలదు. అందుచేత నీరు దానిని పైకి నెట్టును. ఇట్లే ఒక మనుష్యుని పలకమీద నిలిపి, మోటారు పడవకు కట్టిన త్రాటితో తగినంత వేగముగా లాగినచో, అతడును మునుగక నీటిపై జారిపోవును. ‘వాటర్ స్కీయింగ్’ అను క్రీడకు ఆధారమైన సూత్రము ఇంతమాత్రమే. సూత్రము సులభమే గాని, దానిని ఆచరణలో పెట్టిన మొదటి యువకుడు కొన్ని దినములు సరస్సులోని నీళ్లు మ్రింగవలసి వచ్చెను.

అతని పేరు రాల్ఫ్ శామ్యూల్సన్. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మిన్నెసోటా రాష్ట్రపు సరిహద్దున, మిసిసిపీ నది ఒకచోట మిక్కిలి వెడల్పై పెపిన్ సరస్సు అను పేరు వహించినది. దాని యొడ్డున లేక్ సిటీ యను చిన్న పట్టణమున్నది. శామ్యూల్సన్ అక్కడివాడు. చలికాలమున మంచుమీద పొడవైన పలకలు తొడిగి జారునట్లు, వేసవిలో నీటిమీద ఏల జారరాదని అతనికి ఒక ఊహ పుట్టెను. మొదట పీపాల బద్దలను కాళ్లకు కట్టుకొని చూచెను, మునిగెను. మంచు పలకలతో ప్రయత్నించెను, మరల మునిగెను. పలక వెడల్పు చాలలేదని గ్రహించి, ఎనిమిదడుగుల పొడవు, తొమ్మిదంగుళముల వెడల్పుగల రెండు దేవదారు పలకలను తెచ్చి, వాని కొనలను తల్లి గుడ్డలుడికించు రాగి పాత్రలో మరగబెట్టి మెత్తపరచి, పైకి వంచి బిగించెను. పాదములు నిలుచుటకు తోలు పట్టీలు కొట్టెను. కమ్మరిచేత ఒక ఇనుప కడియము చేయించి త్రాటికి కట్టి దానినే పిడిగా పెట్టుకొనెను. అతని సోదరుడు బెన్ పడవ నడిపెను. 1922వ సంవత్సరము జూలై నెల 2వ తేదీన, తన పందొమ్మిదవ పుట్టినరోజునకు ముందు దినమున, పలకల ముక్కులను నీటిపైకి ఎత్తి తాను వెనుకకు వాలవలెనను మర్మము శామ్యూల్సన్ తెలిసికొనెను. ఆనాడు అతడు నీటిపై నిలిచెను.

తాను కనుగొన్న దానిపై అతడు ఎట్టి హక్కులును వ్రాయించుకొనలేదు. ఫ్రెడ్ వాలర్ అను వేరొక అమెరికనుడు 1925లో నీటి స్కీలకు పేటెంటు పొందెను. శామ్యూల్సనే ప్రథముడని అమెరికాలోని క్రీడా సంఘమువారు అంగీకరించుటకు 1966 వరకు కాలము పట్టినది. ఈలోపల 1939లో ఆ దేశమున ప్రత్యేక సంఘము ఏర్పడి, ఆ యేడే మొదటి జాతీయ పోటీలు జరిగెను. 1949లో ఫ్రాన్సు దేశపు సముద్రతీరమున జువాన్-లె-పాఁ అనుచోట తొలి ప్రపంచ పోటీలు జరిగెను. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడల సందర్భమున దీనిని ప్రదర్శన క్రీడగా చూపిరి.

ఈ క్రీడలో ముఖ్యముగా మూడు విధములైన పోటీలు కలవు. చెక్క వాలుపైనుండి గాలిలోనికి దుముకుట ఒకటి. చిన్న పలకపై గిరగిర తిరుగుచు విన్యాసములు చూపుట ఒకటి. తేలు బంతులను చుట్టుచు వంకరలు తిరిగి పోవుట మూడవది. ఈ మూడవ దానికే స్లాలమ్ అని పేరు. వాలునేలమీది జాడ యని అర్థమిచ్చు నార్వే మాట ఇది. దుముకుట చూచువారికి ఎక్కువ వింత గొల్పును. అయినను ఎక్కువమంది సామాన్యులు, ఉద్యోగములు చేసికొనుచు సెలవు దినములలో మాత్రమే ఆడువారు, జీవితాంతము విడువక పట్టుకొనునది స్లాలమ్‌నే. దానికి కారణము ఆ పందెపు నియమములోనే యున్నది.

సరస్సు నడుమ తిన్నగా ఒక గీత గీచినట్లు ఊహింపుడు. పడవ ఆ గీతమీదనే, ఎటును తిరుగక, ఒకే వేగముతో పోవలెను. గీతకు కుడివైపున మూడు, ఎడమవైపున మూడు, ఒకదాని తరువాత ఒకటి ఎదురుబొదురుగా ఆరు బంతులు తేలుచుండును. ఒక్కొక్క బంతి నడిమి గీతకు 11.5 మీటర్ల దూరమున నుండును. మొదట ఒక ద్వారము, చివర ఒక ద్వారము. ఇవియును బంతులతో ఏర్పరచినవే. ఈ ద్వారమునుండి ఆ ద్వారమునకు 259 మీటర్లు. ఆటగాడు ఒకే స్కీపై రెండు పాదములును ముందువెనుకలుగా నిలిపి, పడవ వెనుకనుండి ఈ ప్రక్కకును ఆ ప్రక్కకును దాటుచు, ప్రతి బంతిని వెలుపలి వైపునుండి చుట్టి, తుది ద్వారమున వెలువడవలెను.

పురుషుల పోటీలలో పడవ గరిష్ఠ వేగము గంటకు 58 కిలోమీటర్లు, స్త్రీలకు 55. ఆ 58 కిలోమీటర్ల వేగమున పడవ ఈ మార్గమును సుమారు పదునారు సెకండ్లలో దాటును. అనగా ఒక బంతికిని మరియొక బంతికిని నడుమ ఆటగానికి లభించు కాలము రెండున్నర సెకండ్లు. ఆ కాలములో పడవ ముందుకు 41 మీటర్లు పోవును. ఆటగాడు 41 మీటర్లు ముందుకును, 23 మీటర్లు అడ్డముగను పోవలెను. లెక్క తెలిసిన విద్యార్థి లంబకోణ త్రిభుజము గీచి చూచినచో, ఈ కర్ణము దాదాపు 47 మీటర్లని తేలును. అతని దారి వంకర గనుక నిజమైన దూరము ఇంకను ఎక్కువ. పైగా బంతిని చుట్టుచోట వేగము తగ్గును. ఆ లోపమును పూరించుటకు నడుమ పడవకంటె ఎంతో వేగముగా దూసికొని పోవలెను. పడవ అతనిని లాగుచున్నదనుట సగమే నిజము. ఒడిసెలలోని రాయివలె అతడు త్రాటిచివర ఊగుచున్నాడనుట సరియైన మాట.

ఆరు బంతులను చుట్టినవానికి బహుమానమేమి? అంతకంటె కష్టమైన పరీక్ష! మొదట తక్కువ వేగముతో ప్రారంభింతురు. ఒకసారి తప్పులేకుండ పోయివచ్చినచో గంటకు మూడు కిలోమీటర్ల వంతున వేగము పెంచుదురు. తన తరగతికి నిర్ణయించిన గరిష్ఠ వేగము వచ్చిన తరువాత వేగము పెరుగదు, త్రాడు తగ్గును. 18.25 మీటర్ల త్రాడు 16 మీటర్లగును, పిదప 14.25, 13, 12, 11.25 మీటర్లు. ఈ కొలతలను గుర్తించుటకు త్రాటి ముడులకు రంగులు వేయుదురు. ఎరుపుతో మొదలై నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలము, ఊదా వరకు ఇంద్రధనుస్సు వరుసలోనే యుండును.

ఇక్కడ ఒక విచిత్రమును గమనింపుడు. బంతి 11.5 మీటర్ల దూరమున నున్నది. త్రాడు 11.25 మీటర్లే. త్రాడు పూర్తిగా ప్రక్కకు చాచినను బంతిని అందుకొనదు! మిగిలిన దూరమును ఆటగాని చేయి, మేను పూరింపవలెను. అతడు ఒంటిచేత పిడిని పట్టుకొని, శరీరమును నీటికి ఆనునంతగా వెలుపలికి వాల్చి, పాదముల క్రిందనున్న స్కీని మాత్రము బంతికి ఆవలగా పోనిచ్చును. త్రాడు ఆ తరువాత 10.75 మీటర్లకు, 10.25కు, 9.75కు కూడ దిగును. 2013లో నేట్ స్మిత్ అను అమెరికా ఆటగాడు 9.75 మీటర్ల త్రాటితో రెండున్నర బంతులు సాధించి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ప్రపంచములో అంతటివాడును మూడవ బంతి ముగింపకయే ఆగిపోయెను. ఈ పందెమున ప్రతివాని వంతును ఒక వైఫల్యముతోనే ముగియును. ఎవడు ఎంత దూరము వెళ్లి విఫలుడయ్యెనను దానినే లెక్కింతురు. తొమ్మిదేండ్ల బాలుడైనను, ప్రపంచ విజేతయైనను, ఆటచివర తడిసి నీటిలో తేలుచుండవలసినదే.

ఇట్టి ఆటకు కావలసిన సాధనములలో మొదటిది స్కీ. శామ్యూల్సన్ కాలపు దేవదారు పలక పోయి, ఫైబర్ గ్లాసు, ఆ తరువాత కార్బన్ నారలతో చేసిన తేలికైన పలకలు వచ్చినవి. వయస్కులకు తగిన స్కీ పొడవు సుమారు 165 మొదలు 173 సెంటీమీటర్ల వరకు ఉండును. ఆటగాని బరువును, పడవ వేగమును బట్టి దీనిని ఎన్నుకొందురు. దాని అడుగుభాగము దోనెవలె కొంచెము లోపలికి వంగియుండును. పలకను ఒక ప్రక్కకు వాల్చినప్పుడు ఆ వంపు, దాని అంచు నీటిని కరచి పట్టుకొనును. తోకభాగమున చేపరెక్కవంటి చిన్న లోహపు రేకు అడుగునకు పొడుచుకొని యుండును. ఇది లేనిచో తోక జారిపోయి పలక అడ్డదిడ్డముగా తిరుగును. ఈ రెక్కను ముందునకో వెనుకకో వెండ్రుకవాసి జరిపినను తిరుగుడులో భేదము తెలియును. అందుచేత కొందరు ఔత్సాహికులు కొలతల పరికరము చేతబట్టుకొని గంటలకొలది రెక్కను సవరించుచుందురు. ఆ శ్రద్ధలో సగమైన తమ మోకాళ్ల వంపుమీద, నడుము నిలుపుమీద ఉంచినచో వారికి ఎక్కువ మేలు కలుగును.

పాదములను పలకకు బంధించు బూట్లు ఇంతకంటె ముఖ్యమైనవి. అవి సడలిన యెడల పలక స్వాధీనము కాదు. మితిమీరి బిగిసిన యెడల పడినప్పుడు పాదము వెలికి రాదు. రెండు పాదములకును బూట్లున్నచో, పడునపుడు రెండును ఒకేసారి ఊడవలెను, లేదా రెండును నిలువవలెను. ఒకటి ఊడి ఒకటి నిలిచినచో, అంత పొడవైన పలక మీటవలె పనిచేసి, చిక్కిన కాలిని మెలివేయును. చీలమండ విరుగుట, మడమపైని స్నాయువు తెగుట మొదలైన పెద్ద గాయములలో అనేకము ఇట్లు కలుగునవే. క్రొత్త బూట్లు కొనునప్పుడు రంగు చూచుటకు ముందు, ఇవి ఎట్లు వదలునని అడిగి తెలిసికొనువాడు వివేకి.

పిడి చిన్న వస్తువు. త్రాటిచివర రెండు పాయలు, వాని నడుమ రబ్బరు తొడిగిన ఒక అడ్డకఱ్ఱ: ఈ మూడును కలిసి ముక్కోణమగును. పడునపుడు చేయి ఆ ముక్కోణములో దూరినచో పడవ ఆ చేతిని లాగికొని పోవును. ఇంతకంటె భయంకరమైన ప్రమాదము ఈ క్రీడలో మరియొకటి లేదనవచ్చును. దానిని నివారించుటకు పాయల నడుమ వలవంటి అడ్డు కుట్టిన పిడులను వాడుదురు. అరచేతులకు తొడుగులు వాడుదురు. మేనికి లైఫ్ జాకెట్టు తప్పనిసరి. ఈత వచ్చినవానికి జాకెట్టు ఏల యని అడుగరాదు. అంత వేగమున పడి స్పృహ తప్పినవానికి వచ్చిన ఈత ఉపయోగపడదు.

ఇక గాయముల మాట. నీరు మెత్తనిదని మనము అనుకొందుము. మెల్లగా దిగినవానికి మెత్తనిదే. గంటకు అరువది కిలోమీటర్ల వేగమున తాకినవానికి అది ముంగిటి నేలవలె తగులును. పలక ముక్కు నీటిలో గ్రుచ్చుకొని ఆటగాడు ముందుకు విసరబడినప్పుడు ప్రక్కటెముకలు నొప్పిపడును. మెదడునకు అదురు తగులును. చెవి చదునుగా నీటికి తగిలిన కర్ణభేరి చిల్లిపడవచ్చును. నేర్చుకొనువారికి కలుగు గాయము వేరు. నీటిలో కూర్చుండి పడవ లాగునపుడు మోకాళ్లు ముడుచుకొని ఓపికతో నుండవలసినది పోయి, తొందరపడి కాళ్లు చాచి లేవబోయి ముందుకు తూలుదురు. అప్పుడు తొడ వెనుకనున్న కండరము సాగి చినుగును. ఇది మానుటకు నెలలు పట్టును. అనుభవజ్ఞులను బాధించునది త్రాటి సడలింపు. బంతిని చుట్టి తిరిగినప్పుడు త్రాడు ఒక్క క్షణము వదులై, వెంటనే బిగిసి గుంజును. ఆ గుంజు నడుమునకును భుజపు కీలునకును తగులును.

పట్టిన పట్టు విడువనివానిని మనము మెచ్చుకొందుము. ఈ క్రీడలో గురువు శిష్యునికి చెప్పు మొదటి పాఠము అందుకు విరుద్ధముగా నుండును: పిడిని విడువుము. త్రాడు సడలి, శరీరము తూలి, ఇక నిలువలేనని తెలిసిన క్షణమున విడిచినవాడు మెల్లగా నీటిలో మునిగి తేలును. ఇంకొక అర బంతి లభించునను ఆశతో పట్టుకొన్నవాడు ఆసుపత్రికి పోవచ్చును. ఆ క్షణమును గుర్తించుటకు ఏండ్లు పట్టును. విడుచుటలోను పద్ధతి కలదు. బలముగా లాగుచున్నప్పుడు హఠాత్తుగా వదలిన పిడి పడవవైపు బాణమువలె దూసికొని పోవును గనుక, పడవలోనివారు ఎల్లప్పుడు వెనుకకు చూచుచుండవలెను. త్రాటిని చేతికి చుట్టుకొనుట మాత్రము ఎన్నడును చేయరాదు.

పడవలో నడుపువాడు గాక, ఆటగానినే కనిపెట్టియుండు రెండవ మనిషి ఉండవలెను. వారి నడుమ మాటలు వినబడవు గనుక సైగలు ఏర్పడినవి. బొటనవ్రేలు పైకెత్తిన వేగము పెంచుమని, క్రిందికి దించిన తగ్గించుమని, కంఠమునకు అడ్డముగా చేయి త్రిప్పిన ఇంజను ఆపుమని అర్థము. పడినవాడు చేయి పైకెత్తవలెను. ‘నేను క్షేమముగా నున్నాను’ అని దాని భావము. చేయి లేవనిచో పడవ ఆలస్యము చేయక అతని కడకు పోవును. మనిషిని పడవలోనికి ఎక్కించుకొనునపుడు ఇంజను పూర్తిగా ఆపవలెను. నీటిలో తిరుగు ఇనుప రెక్కలకు మనిషియని దయయుండదు.

ఈ పందెముల పడవ కూడ ప్రత్యేకమైనది. ఇంజను నడిమిభాగమున నుండును. త్రాడు కట్టు స్తంభము కూడ నడుమనే యుండును. ఆటగాడు ప్రక్కకు లాగినను పడవ దారి తప్పకుండుటకు ఈ ఏర్పాటు. వెనుక లేచు అల ఎంత చిన్నదైన అంత మంచి పడవ. వేగమును ఇప్పుడు చోదకుని పాదము నిర్ణయించుట లేదు. ఉపగ్రహముల సంకేతములను బట్టి ఒక యంత్రమే నిలకడగా నుంచును. దిశను కాపాడుట మాత్రము చోదకుని నేర్పు.

ఇట్టి పడవ వెల మంచి మోటారు కారు వెలకు మించును. అందుచేత అమెరికాలో ఫ్లారిడా, టెక్సాస్ మొదలైన రాష్ట్రములలో కొన్ని కుటుంబములు కలిసి, భూమి కొని, పొడవుగా సన్నగా చెరువు త్రవ్వించి, దాని చుట్టును ఇండ్లు కట్టుకొందురు. గట్లను ఏటవాలుగా తీర్తురు. నిటారు గట్టుకు కొట్టుకొన్న అల తిరిగివచ్చి నీటిని కలచును. రెండు కొనలను చిన్న దీవులు విడిచి, వాని చుట్టు పడవను త్రిప్పుదురు.

పోటీదినమున వీరి జీవితము చూడదగినది. గాలి లేవకముందే, తెల్లవారుజామున, వందల కిలోమీటర్ల దూరమునుండి కార్లపై స్కీలు కట్టుకొని వచ్చి చేరుదురు. పేర్లు పిలుచు వరకు ఒడ్డున కూర్చుందురు. ఒక్కొక్కని వంతు కొన్ని నిమిషములే. అందును బంతుల నడుమ గడుపు కాలము సెకండ్లలో లెక్కింపవచ్చును. దీనికై ఇంతదూరము రావలెనా యని చూచువానికి తోచును. కాని వచ్చినవాడు ఆడి పోవుటయే గాదు. ఉదయమున ఆడినవాడే మధ్యాహ్నము న్యాయనిర్ణేతయై పడవలో కూర్చుండును. ఒకని తల్లి గుర్తులు వ్రాయును. ఒకని తండ్రి పడవ నడుపును. మరియొకడు ప్రమాదములు చూచుకొనుటకు ఒడ్డున కాచుకొనియుండును. జీతమిచ్చి మనుష్యులను పెట్టవలసి వచ్చినచో ఔత్సాహికుల పోటీలలో పెక్కు జరుగనే జరుగవు. న్యాయమునకు మాత్రము లోటు రానీయరు. త్రాడు సాగును గనుక దానిని బిగలాగి కొలుతురు. పడవ వేగము నియమిత కాలమునకు సరిపడకపోయినచో ఆ తడవను కొట్టివేసి మరల ఆడనిత్తురు. బంతిని పూర్తిగా చుట్టలేనివానికి సగము, పావు అని భిన్నములుగా గుర్తులు ఇత్తురు. ఆ పావు బంతి కొరకే మూడు గంటల చర్చ సాయంకాలపు భోజనమువద్ద జరుగుటయు కలదు.

వయస్సును బట్టి తరగతులుండును. తొమ్మిదేండ్ల లోపు బాలబాలికలు మొదలు ఎనుబదేండ్లు దాటిన వృద్ధుల వరకు అదే సరస్సుమీద, అవే ఆరు బంతుల చుట్టు ఆడుదురు. మారునది గరిష్ఠ వేగమే. ముప్పదియైదేండ్లు దాటిన పురుషులకు అది 58 నుండి 55 కిలోమీటర్లకు తగ్గును. ఆపైన వయస్సుతోబాటు ఇంకను దిగును. తాత ఒక తరగతిలో, మనుమరాలు ఒక తరగతిలో ఒకే దినమున పోటీచేయుట అక్కడ వింత కాదు. తాత గత వేసవిలో 14.25 మీటర్ల పసుపు ముడివద్ద నాలుగు బంతులు చుట్టియుండును. ఈ వేసవిలో నాలుగున్నర కావలెనని అతని కోరిక. మనుమరాలికి ఇంకను త్రాడు తగ్గించు దశ రాలేదు. పేరు పిలువగానే ఆమె జాకెట్టు బిగించుకొని, బూట్లలో పాదములు దూర్చి, నీటిలోనికి జారి పిడి అందుకొనును. పడవలోని తాత వెనుకకు తిరిగి, ఆమె తల ఊపు వరకు చూచి, అప్పుడు చోదకునికి చేయెత్తి చూపును.